చెవితో చదివిన పుస్తకములు



నలువది సంవత్సరములు బడిలో పిల్లలచేత పుస్తకములు చదివించిన నాకు వార్ధక్యమున చూపు మందగించి, పుస్తకము తెరచుటయే కష్టమైనది. అక్షరములు కనబడును గాని, రెండు పుటలు దాటునప్పటికి పంక్తులు ఒకదానిమీద నొకటి ఒరిగిపోవును. వైద్యుడు చేయదగిన చికిత్స యంతయు చేసి, మిగిలిన చూపును పదిలముగా వాడుకొమ్మని చెప్పి పంపెను. పట్టణమున చదువుకొనుచున్న నా మనుమరాలు సెలవులకు వచ్చి, నా అవస్థ చూచి, సెల్‌ఫోనులో కొన్ని పుస్తకములు చేర్చి, "తాతయ్యా, ఇక కళ్లకు సెలవిచ్చి చెవులతో చదువుకోండి" అని నా చేతికిచ్చినది.

ఆమె చేర్చినవి రెండు తెగల ఆంగ్ల గ్రంథములు. మొదటి తెగవి పూర్వకాలపు సాహస కథలు. రెండవ తెగవి, రాబోవు కాలమున మనుష్యులు ఎట్టి దుర్దశ పాలగుదురో ఊహించి వ్రాసిన కథలు. 1516వ సంవత్సరమున థామస్ మోర్ అను ఆంగ్ల పండితుడు యుటోపియా యను నొక ద్వీపమును కల్పించి, అందలి ప్రజల సుఖజీవనమును వర్ణించెను. దానికి విపర్యయముగా, ప్రజలు ఊపిరి సలుపరాని రాజ్యమును వర్ణించు కథలకు డిస్టోపియా కథలని పేరు వచ్చినది. మనము వానిని దుష్టరాజ్య కథలందుము. ఒక సంవత్సరకాలము ఈ రెండు తెగల పుస్తకములను విని, నాకు తోచిన అభిప్రాయములను మీకు మనవి చేయ దలచితిని.

పుస్తకమును వినుట చదువుట యగునా యని కొందరు శంకింతురు. ఈ శంక మన దేశమున పుట్టదగినది కాదు. మనము వేదమును శ్రుతి యందుము. పండితుని బహుశ్రుతుడందుము, అనగా పెక్కు విన్నవాడని యర్థము. మన తాతముత్తాతలలో అక్షరము రానివారు సైతము భారత భాగవతములలోని కథలను తప్పులేక చెప్పగలిగిరన్న, అది గుడి మండపమున పురాణ కాలక్షేపము వినుటవలన కలిగిన ఫలమే గదా!

ఇతర దేశములందును ఇట్టి ఆచారములు కలవు. క్యూబా ద్వీపమున హవానా నగరములో చుట్టలు చుట్టు కార్మికులు 1865 ప్రాంతమున తమలో తాము చందాలు వేసికొని, తాము పని చేయుచుండగా గ్రంథములు చదివి వినిపించుటకు ఒక పాఠకుని నియమించుకొనిరి. చేతులు పొగాకుమీద, చెవులు కథమీద. వారు మిక్కిలి మెచ్చిన కథలలో అలెగ్జాండర్ డ్యూమా వ్రాసిన మాంటి క్రిస్టో ప్రభువు కథ యొకటి. ఆ పేరే నేటికిని ఒక ప్రసిద్ధమైన చుట్టకు నిలిచియున్నది. అయితే మరుసటి సంవత్సరమే, అనగా 1866లో, అచటి అధికారి ఈ పఠనమును నిషేధించెను. కూలివాడు కథ వినిన ప్రభుత్వమునకు నష్టమేమి? వినువాడు ఆలోచించును, ఆలోచించువాడు అడుగును. అధికారి భయమంతయు ఇందే యున్నది. తరువాత ఆ నిషేధము సడలినది. పఠనము మరల సాగినది. క్యూబా వారు వలసపోయి అమెరికాలోని టాంపా నగరమున స్థాపించిన కర్మాగారములలో మాత్రము, 1931లో యజమానులు పాఠకులను తొలగించి, వారి స్థానమున రేడియోను పెట్టిరి. రేడియోలో మాటాడుచున్న నేను ఈ సంగతిని దాచరాదు. పాఠకుని కార్మికులు కోరుకొనిరి. రేడియోను యజమానులు తెచ్చిరి. ఈ భేదమును జ్ఞాపకముంచుకొనుడు. తరువాత దీనితో పని గలదు.

ఇక యంత్రము సంగతి. ఎడిసన్ 1877లో మాటను పట్టి నిలుపు యంత్రమును కనిపెట్టి, మరుసటి యేడే అది అంధులకు పుస్తకములు వినిపింపగలదని వ్రాసెను. ఆ మాట నిజమగుటకు అర్ధశతాబ్దికి పైగా పట్టినది. మొదటి ప్రపంచయుద్ధమున చూపు కోల్పోయిన సైనికులను తలచి ఆంగ్లదేశమున కొందరు పాటుపడి, 1935లో మాటాడు పుస్తకములను పంపిణీ చేసిరి. అమెరికాలో అంతకు కొలది కాలము ముందే ఈ పని ఆరంభమైనది. ఆ దినములలో ఒక్క నవలకు సుమారు పది పెద్ద పళ్లెములు వలసియుండెను. నేడు అట్టి నవలలు వందలకొలది ఒక సెల్‌ఫోనులో ఇమిడి, చొక్కా జేబులో కూర్చుండును.

నేను మొదట వినినది రాబర్టు లూయీ స్టీవెన్‌సన్ వ్రాసిన ట్రెజర్ ఐలండ్, అనగా నిధి ద్వీపము. ఇది 1883లో గ్రంథరూపమున వెలువడినది. దీని పుట్టుకయే చెవికి సంబంధించినది. 1881లో స్కాట్లండు కొండసీమలో వాన కురియుచుండగా, ఇల్లు కదలలేక, స్టీవెన్‌సన్ తన సవతి కుమారుని వినోదముకొరకు ఒక ద్వీపము పటము గీసెను. ఆ పటమునుండి కథ పుట్టినది. దినమునకొక అధ్యాయము చొప్పున వ్రాసి, వ్రాసినదానిని ఇంటివారికి చదివి వినిపించుచుండెను. దీపస్తంభములు నిర్మించు ఇంజనీరైన ఆయన తండ్రియు పిల్లవానివలె కూర్చుండి విని, కథలోని ముసలి నావికుని పెట్టెలో ఏయే వస్తువులు ఉండవలయునో తానే జాబితా వ్రాసి యిచ్చెను. కావున ఈ పుస్తకము కంటికంటె ముందు చెవిని మెప్పించిన పుస్తకము.

ఈ కథలో ఒక గ్రుడ్డివాడు వచ్చును. మంచు గడ్డకట్టిన బాటమీద వాని కర్ర టకటక మనుచు దగ్గరపడుచుండగా, ఇంటిలోని బాలుడును తల్లియు ఊపిరి బిగబట్టుదురు. బాల్యమున దీనిని కంటితో చదివినపుడు నాకు ఆ గ్రుడ్డివాడు భయంకరుడుగా మాత్రమే తోచెను. ఇప్పుడు చూపు తగ్గి, చేత కర్ర పట్టి, అదే ఘట్టమును చీకటిలో వినినపుడు, నా కర్ర చప్పుడు ఇరుగుపొరుగు పిల్లలకు ఎట్లు వినబడుచున్నదో యని తలపు కలిగినది. వయస్సు మారిన కథయు మారును.

అంతకంటె గొప్ప ఘట్టము ఆపిలు పండ్ల పీపాది. బాలుడు జిమ్ ఒక పండు కొరకు ఓడమీది పెద్ద పీపాలోనికి దిగును. అచట నిద్రకు జోగుచుండగా, బయట ఒకడు పీపాకు వీపు ఆన్చి కూర్చుండి మాటాడ నారంభించును. అంతవరకు ఎవనిని బాలుడు ఎంతయు మంచివాడని నమ్మియుండెనో, ఆ వంటవాడు సిల్వరు తక్కినవారితో కలిసి యజమానులను చంపుటకు కుట్ర పన్నుచున్నాడు. వెలుగులో కన్ను మోసపోయినది. చీకటిలో చెవి నిజము గ్రహించినది. కథ మొత్తమునకు ఇదియే కీలు. పీపాలోని బాలుడును, కుర్చీలోని నేనును ఒక్క స్థితిలోనే యుంటిమి. ఇరువురము చూడలేము, ఇరువురమును వినుచున్నాము.

రెండవది ఇందాక చెప్పిన మాంటి క్రిస్టో ప్రభువు కథ. ఇది 1844 మొదలు 1846 వరకు ఫ్రెంచి పత్రికలో ధారావాహికగా వెలువడినది. పూర్తిగా వినుటకు నలువది గంటలకు పైగా పట్టును. నిరపరాధియైన ఎడ్మండు దాంతే అను యువక నావికుడు సముద్రమధ్యమందలి కోటలో పదునాలుగేండ్లు ఖైదులో నుండును. ప్రక్క కొట్టులోని వృద్ధ ఖైదీయైన ఫారియా మతాచార్యుడు సొరంగము త్రవ్వుకొని వచ్చి, ఆ చీకటిలోనే వానికి గణితము, చరిత్ర, భాషలు నేర్పును. గ్రంథాలయము ఎక్కడ? ఆ వృద్ధుని కంఠముననే యున్నది. గురుముఖమున విద్య నేర్చుట యన నేమో ఎరిగిన మన పెద్దలకు ఈ ఘట్టము కొత్త కాదు.

సాహస కథలను గూర్చి ఒక హెచ్చరిక గూడ చెప్పవలయును. ఇవి చరిత్ర కథలే గాని చరిత్ర కాదు. డ్యూమాయే వ్రాసిన ముగ్గురు తుపాకిభటుల కథలో బకింగుహాము ప్రభువు హత్య యున్నది. ఆ ప్రభువు 1628లో పోర్టుస్మతు రేవున ఫెల్టను అనువాని కత్తిపోటునకు చచ్చుట చరిత్రమే. కాని ఫెల్టను తనకు రావలసిన జీతమును, పదవియు రాలేదను కోపముతోను, ప్రభువు దేశమునకు కీడు చేయుచున్నాడను నమ్మకముతోను పొడిచెను. కథకుడు దీనిని మార్చి, ఒక మాయలాడి వానిని వలలో వేసికొని పంపినట్లు కల్పించెను. కంటితో చదువునప్పుడు ఆగి, మరియొక పుస్తకము తీసి సరిచూచుకొందుము. వినునప్పుడు కథ ప్రవాహమువలె పోవుచుండును గనుక, కల్పన చరిత్రమై మనస్సున నాటుకొనును. పిల్లలకు వినిపించు పెద్దలు ఈ భేదమును కథ ముగిసిన పిమ్మట చెప్పుట మంచిది.

ఇక రెండవ తెగ పుస్తకములు. వీనిలో మూడింటిని గూర్చి చెప్పెదను. నాకు ఆశ్చర్యము కలిగించిన విషయమేమన, ఈ మూడింటియందును దుష్టరాజ్యము మొట్టమొదట ఆక్రమించునది చెవినే.

ఆల్డస్ హక్స్‌లీ 1932లో ప్రకటించిన బ్రేవ్ న్యూ వరల్డ్ అను గ్రంథమున పిల్లలు తల్లికడుపున పుట్టరు, సీసాలలో పెరుగుదురు. వారు నిద్రించునపుడు తలగడ క్రిందినుండి ఒక మెత్తని కంఠము, నీ స్థితియే నీకు సుఖము, పై తరగతివారిని చూచి అసూయపడకుము అని మరల మరల గొణుగుచుండును. పెరిగి పెద్దవారైన పిమ్మట వారు ఆ మాటలనే తమ సొంత అభిప్రాయములని చెప్పుకొందురు. కొరడా లేదు, చెరసాల లేదు, జోలపాట చాలును.

జార్జి ఆర్వెల్ 1949లో ప్రకటించిన 1984 అను గ్రంథము రెండవది. ఇది సుమారు పదునొకండు గంటల పుస్తకము. ఈ రచయిత 1903లో బీహారు రాష్ట్రమందలి మోతీహారిలో పుట్టినవాడు. 1941 మొదలు 1943 వరకు లండను రేడియోలో మన దేశమునకు ఆంగ్ల ప్రసంగములు ఏర్పాటుచేయు ఉద్యోగము చేసెను. రేడియో లోపలి పని ఎరిగినవాడు వ్రాసిన పుస్తకము గనుక, నేను మరింత శ్రద్ధతో వింటిని. అందు ప్రతి గదిలోను గోడకొక యంత్రముండును. అది మాటాడును, బొమ్మ చూపును, అంతియే గాక మన మాటలను వినును, మన ముఖమును చూచును. దాని ధ్వనిని తగ్గింపవచ్చును గాని సామాన్యులు దానిని ఆర్పలేరు. కథానాయకుడు విన్‌స్టన్ చేయు ఉద్యోగము పాత వార్తాపత్రికలను దిద్దుట. ప్రభుత్వము నేడు చెప్పినదానికి నిన్నటి పత్రిక విరుద్ధముగా నున్నచో, నిన్నటి పత్రికనే మార్చివేయుదురు. పాత ప్రతి మంటలపాలగును. అబద్ధమును నిలుపుటకు ఇంతకంటె సులభోపాయము లేదు.

ఇది కల్పన యని తేలికగా త్రోసివేయరాదు. 2009 జూలైలో అమెజాన్ కంపెనీవారు తాము అమ్మిన విద్యుత్ పుస్తకములలో ఈ 1984 గ్రంథపు ప్రతులనే, కొన్నవారి కిండిల్ యంత్రములనుండి దూరముననుండియే చెరిపివేసిరి. హక్కు లేని సంస్థ యొకటి ఆ ప్రతులను అమ్మకమునకు పెట్టుట కారణము. సొమ్ము తిరిగి యిచ్చిరి. కంపెనీ అధిపతి తరువాత క్షమాపణయు చెప్పెను. కాని ఇంటిలోని కొయ్య బీరువాలో నున్న పుస్తకమును ఎవరును రాత్రికి రాత్రి ఇట్లు తీసికొనిపోలేరు గదా! కావున వినెడి పుస్తకమును మెచ్చుకొనుచునే, కాగితపు పుస్తకమును ఇంట నిలుపుకొనవలయునని నా దృఢాభిప్రాయము.

మూడవది రే బ్రాడ్‌బరీ 1953లో ప్రకటించిన ఫారన్‌హీట్ 451. ఆ రాజ్యమున నిప్పు ఆర్పవలసిన ఉద్యోగులు ఇండ్లలో దాచిన పుస్తకములను కాల్తురు. అట్టి ఉద్యోగియైన మాంటాగ్ భార్య రాత్రింబవళ్లు చెవులలో చిన్న గవ్వలవంటి రేడియోలు పెట్టుకొని, మగడు పిలిచినను వినదు. ఒక్క పడకమీద నుండియు ఇద్దరును వేరు లోకములలో నుందురు.

ఈ పుస్తకమును నేను మూడు దినములలో వింటిని, చెవులలో చిన్న యంత్రములు పెట్టుకొనియే వింటిని. మూడవనాడు కథ ముగియవచ్చుచుండగా, నా భార్య వచ్చి ఎదుట నిలిచి నా భుజము తట్టినది. యంత్రము తీసి చూచితిని. అన్నము చల్లారిపోవుచున్నదని నాలుగు పర్యాయములు పిలిచినదట. "కళ్లు పోయినా చెవులైనా ఉన్నాయనుకున్నాను, అవీ పోయాయా?" అనినది. కోపముతో కాదు, దిగులుతో అనినది. కథలోని స్త్రీని చూచి మూడు దినములుగా జాలిపడుచున్న నాకు, ఆ స్త్రీ నేనే యని అప్పుడు తెలిసినది. యాబది సంవత్సరముల కాపురమున నా పుస్తకముల పిచ్చిని ఆమె ఎన్నడును తప్పు పట్టలేదు. పుస్తకము చేతిలో నున్నప్పుడు పిలిచిన పలికెడివాడను. ఇప్పుడు పలుకుట మానితిని.

ఆ దినమునుండి చెవిలోని యంత్రమును మానివేసితిని. సాయంకాలము అరుగుమీద కూర్చుండి, నలుగురికి వినబడునట్లు పెట్టుదును. ఒక అధ్యాయము కాగానే ఆపి, ఆంగ్లము రానివారికి తెలుగున తాత్పర్యము చెప్పుదును. మొదట నా భార్యయు, ఎదురింటి వృద్ధుడును మాత్రమే వచ్చిరి. తరువాత పిల్లలు చేరిరి. ఆపిలు పండ్ల పీపా ఘట్టము చెప్పిననాడు, జిమ్‌కు దగ్గు వచ్చియుండిన ఏమి జరుగునని ఒక పిల్లవాడు అడిగెను. ఆ ప్రశ్న సెల్‌ఫోను అడుగదు, సమాధానమును చెప్పదు. పురాణము చెప్పు పంతులుగారిని మధ్యలో ఆపి సందేహము తీర్చుకొను మన పూర్వాచారము విలువ నాకు అప్పుడు మరల బోధపడినది.

అట్లని యంత్రమును నిందింపరాదు. అదే ఫారన్‌హీట్ కథలో ఫేబర్ అను వృద్ధ ఆచార్యుడు చిన్న యంత్రమొకటి చేసి మాంటాగ్ చెవిలో నుంచి, దూరమునుండి వానికి ధైర్యము చెప్పును, వాడు వినినదానిని తానును వినును. భార్య చెవిలోని యంత్రము ఆమెను మనుష్యులనుండి వేరుచేసినది. మగని చెవిలోని యంత్రము వానిని మరియొక మనుష్యునితో కలిపినది. ఇక కథ చివర, కాల్చివేయబడిన పుస్తకములను తలకొకటి చొప్పున కంఠస్థము చేసి, అడవులలో తిరుగుచు కాపాడు మనుష్యులు కనబడుదురు. ఇందాక చెప్పిన చుట్టల కర్మాగారములను తలచుకొనుడు. వినువారే కోరుకొన్న పాఠకుడా, పైవారు తెచ్చిపెట్టిన ధ్వనియా? మన చెవిని నింపుచున్న దెవరు, ఆపుమన్న ఆగునా, మారు ప్రశ్న వేయ వీలున్నదా? ప్రతి శ్రోతయు ఈ మూడు ప్రశ్నలు వేసికొనవలయును.

వినదలచిన పెద్దలకు అనుభవముమీద నాలుగు మాటలు. మొదటిది, సంగ్రహ ప్రతులను విడిచి సంపూర్ణ ప్రతిని కోరుడు. కాగితముమీద పుటలు తగ్గిన చేతికి తెలియును. వినునప్పుడు ఏమి కోసివేసిరో తెలియదు. రెండవది, వాద్యములు, తుపాకి మ్రోతలు చేర్చిన నాటకప్రతులకంటె ఒక్క కంఠముతో నిదానముగా చదివిన ప్రతి మేలు. మ్రోతలు మన ఊహ చేయవలసిన పనిని తామే చేసి, ఊహను సోమరిని చేయును. ఇప్పుడు మనిషి కంఠమును అనుకరించి యంత్రములే చదువుచున్నవి. వార్తకు అది చాలును, కథకు చాలదు. మూడవది, విదేశీయుల పేర్లు చెవిన నిలువవు గనుక, పెద్ద అక్షరములతో ఒక కాగితముపై వ్రాయించి దగ్గర నుంచుకొనుడు. నాలుగవది, పడుకొని వినకుడు. 1984 కథలో విన్‌స్టన్ ఒక నిషిద్ధ గ్రంథమును ప్రియురాలికి చదివి వినిపించుచుండగా ఆమె నిద్రపోవును. నేనును రెండు పర్యాయములు అట్లే నిద్రించి, మరునాడు కథ వెదకుకొంటిని.

కడపట ఒక ప్రార్థన. ఆంగ్లమున 2005లో లిబ్రివాక్స్ అను పేర స్వచ్ఛంద పాఠకుల సంఘ మొకటి ఏర్పడి, హక్కుల కాలము తీరిన గ్రంథములను చదివి ఉచితముగా లోకమునకు ఇచ్చుచున్నది. అట్టి పని తెలుగున మనము చేయరాదా? మన చట్టము ప్రకారము రచయిత మరణించిన 60 సంవత్సరములకు అతని గ్రంథములపై హక్కు తీరును. 2012 చట్టసవరణ ప్రకారము, చూపు లేనివారి ఉపయోగము కొరకు హక్కు తీరని గ్రంథములను గూడ లాభాపేక్ష లేక వారికి అందునట్లు సిద్ధపరుపవచ్చును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు హేమలత మొదలగు చారిత్రక నవలలు వ్రాసి ఆంధ్రా స్కాటు అని పేరొందిరి. ఆయన 1946లో స్వర్గస్థులైరి గనుక ఆయన గ్రంథములపై హక్కు ఎప్పుడో తీరినది. ఆ మహనీయుడు చూపు కోల్పోయి, తన స్వీయచరిత్రమును నోట చెప్పి ఇతరులచేత వ్రాయించెను. చూపు లేని రచయిత చెప్పగా చూపున్నవారు వ్రాసిరి. ఇప్పుడు చూపున్నవారు చదివిన, చూపు లేని మావంటివారు విందుము.

మీ గ్రామమున చక్కని కంఠమును, స్ఫుటమైన ఉచ్చారణయు గల పెద్దలు ఒక్కరైన లేకపోరు. వారు దినమునకు అరగంట చొప్పున చదివి, ఇంటి పిల్లలచేత సెల్‌ఫోనులో పట్టించిన, ఏడాదికి కొన్ని నవలలు సిద్ధమగును. అందు వారి కంఠమును నిలుచును. నా భార్య వారము దినములుగా నాకు హేమలత చదివి వినిపించుచున్నది. మనుమరాలు దానిని పట్టి యుంచుచున్నది. ఆమె అక్కడక్కడ తడబడును, కొన్నిచోట్ల ఆగి తన అభిప్రాయమును చేర్చును. వానిని తీసివేయవలదని మనుమరాలితో చెప్పియుంచితిని.